కడప బండ మీద నూనె: ఐఆర్, రామన్ తీసేవాళ్లకు నా చేతి లెక్కలు

మెషీన్ ఆన్ చేసే ముందు తలకు రాసుకున్న కొబ్బరినూనె సంగతి మాట్లాడుకుందాం. పొద్దున జడ వేసుకున్న చేత్తోనే వచ్చి ఏటీఆర్ మీద (పొడిని నేరుగా చిన్న వజ్రపు ముక్క మీద నొక్కి ఐఆర్ తీసే అమరిక) పొడి సర్దితే 2922, 2853, 1743 దగ్గర మూడు పీకులు ముచ్చటగా వస్తాయి. అవి మీ రాయివి కావు, మీ జడవి. అనంతపురంలో ఒక కాలేజీ ఇన్‌స్ట్రుమెంట్ గదిలో పద్నాలుగేళ్లుగా ఐఆర్ తీస్తున్నాను, అంటే శాంపిల్ పరారుణ కాంతిని ఎక్కడెక్కడ మింగుతుందో గీత తీస్తాను. నాకు డాక్టరేట్ లేదు, టెక్నికల్ అసిస్టెంట్‌ని. పిల్లలు "అక్కా" అంటారు. ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే గది బయట శాంపిల్ సీసాలతో క్యూ కడతారు. వాళ్లకు నోటితో చెప్పి చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నా. ఇందులో పీకుల నంబర్లన్నీ వేవ్‌నంబర్లే, సెంటీమీటర్ ఇన్వర్స్‌లో, అంటే సెంటీమీటరుకు ఎన్ని తరంగాలు అని.

నేర్చుకోవడానికి నేను ఇచ్చేది కడప బండ. నల్ల నాపరాయి. తాడిపత్రిలో, బేతంచెర్లలో కోత మిషన్ల పక్కన ముక్కలు కుప్పలుగా పడి ఉంటాయి, అడిగితే ఊరికే ఇస్తారు. దీన్నే ఎందుకంటే, లోపల ఉన్నది స్ఫటికం, పైన మన ఇళ్లల్లో రాసేది నూనె. స్ఫటికంలో అణువు ఎలా ఉంటుంది, ఉపరితలం మీద అణువు ఎలా ఉంటుంది అనే రెండు ప్రశ్నలూ ఒకే బండ మీద దొరుకుతాయి. మొదట మెషీన్ లేని పరీక్ష చేయండి. ముక్క మీద నిమ్మకాయ పిండి కాసేపాగి తుడవండి. తెల్లటి మచ్చ మిగిలితే కాల్షియం కార్బొనేట్ ఉన్నట్టే. వంటింటి గట్టు నల్ల బండైతే ఈ మచ్చ మీ ఇంట్లో ఇప్పటికే ఉంటుంది.

సిద్ధాంతం మీ పుస్తకాల్లో ఉంది, నేను రెండు మాటల్లో దాటేస్తా. అణువు కంపనంలో డైపోల్ (ప్లస్, మైనస్ ఛార్జీల మధ్య ఎడం) మారితే ఐఆర్‌లో కనబడుతుంది, ఎలక్ట్రాన్ మేఘం సాగే గుణం మారితే రామన్‌లో (లేజర్ వేసి చెదిరిన కాంతిని చూసే పద్ధతి) కనబడుతుంది. నడి మధ్యలో సౌష్ఠవ కేంద్రం ఉన్న స్ఫటికంలో ఒకే కంపనం అటూ ఇటూ రెండు చోట్లా కనబడదు, ఒకదాంట్లో వస్తే రెండోదాంట్లో రాదు. నాపరాయిలోని కాల్షియం కార్బొనేట్ స్ఫటికం, కాల్సైట్, అలాంటిదే. కార్బొనేట్ మూడు ఆక్సిజన్లూ ఒకేసారి ఉబ్బి తగ్గే కంపనం 1086 దగ్గర రామన్‌లో గట్టిగా వస్తుంది, ఐఆర్‌లో దాని జాడే ఉండదు. ఐఆర్‌లో వచ్చేవి 1425 చుట్టూ వెడల్పాటి కొండ, 874 దగ్గర సూదిలాంటి పీక్, 712 దగ్గర చిన్నది.

ఇక్కడ ప్రతి ఏడాదీ ఒకరు చెయ్యెత్తుతారు. "అక్కా, 712 రామన్‌లోనూ ఉంది కదా, రూలు తప్పినట్టే కదా?" తప్పలేదు. కాల్సైట్ మూల గడిలో (మళ్లీ మళ్లీ పేర్చితే స్ఫటికమంతా అయ్యే చిన్న గడి, యూనిట్ సెల్) కార్బొనేట్లు రెండు. కోలాటంలో ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరిని ఊహించుకోండి. ఆ వంపు కంపనంలో ఇద్దరూ ఒకే వైపు ఊగితే డైపోల్ వస్తుంది, అది ఐఆర్‌ది. ఒకరు ఇటు, ఒకరు అటు ఊగితే డైపోల్ కొట్టుకుపోతుంది, అది రామన్‌ది. రెండూ వేరువేరు ఆటలే, పక్కపక్కనే పడ్డాయంతే. ద్రావణంలో తిరిగే ఒంటరి కార్బొనేట్‌కు ఈ జంట ఆట లేదు. స్ఫటికంలో అణువును చూస్తున్నామంటే పక్కవాడితో కలిపి చూస్తున్నామని అర్థం.

ఈ లెక్కను గ్రూప్ థియరీతో, అంటే సౌష్ఠవాన్ని లెక్కకట్టే గణితంతో, స్ఫటికాలకు పద్ధతిగా వేసిన తొలి వాళ్లలో మనవాళ్లు ఇద్దరున్నారు. 1928లో కలకత్తాలో రామన్, కృష్ణన్ చెదిరిన కాంతి రంగు మారే ఆ ప్రభావాన్ని చూపించారు. ఆ రామన్ శిష్యుడు సూరి భగవంతం, కృష్ణా జిల్లా మనిషి, తర్వాత వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వెంకటరాయుడుతో కలిసి 1939లో స్ఫటిక నిర్మాణానికీ రామన్ గీతలకూ లెక్క కట్టారు. మన పిల్లలు గ్రూప్ థియరీలోని క్యారెక్టర్ టేబుల్ చూసి భయపడుతుంటే నాకు వాళ్లే గుర్తొస్తారు.

సరే, గదిలోకి రండి. మా ఊరికి ఉన్న అదృష్టం ఒకటుంది, ఎండ. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే చోట పొటాషియం బ్రోమైడ్ పెల్లెట్ (రాతి పొడిని ఈ ఉప్పులో కలిపి నొక్కి చేసే బిళ్ల) అద్దంలా నిలుస్తుంది. అక్టోబరులో ముసురు పట్టిందంటే మాత్రం అది కూడా మబ్బు పడుతుంది. స్పెక్ట్రమ్‌లో 3430, 1635 దగ్గర నీళ్లు ఎక్కుతాయి. ఆ ఉప్పు పౌడర్‌ను 110 డిగ్రీల దగ్గర రాత్రంతా ఓవెన్‌లో ఉంచి, డెసికేటర్‌లో (చెమ్మ చొరని మూత పాత్ర) చల్లార్చి వాడండి. డెసికేటర్‌లో సిలికా జెల్ నీలంగా ఉండాలి. గులాబీ రంగుకు తిరిగితే అది ఉన్నా లేనట్టే. మెషీన్ లోపల కాంతిని రెండుగా చీల్చే బీమ్ స్ప్లిట్టర్ కూడా ఆ ఉప్పే, చెమ్మ తగిలితే పాడవుతుంది. కరెంటు ఆదా అని రాత్రిపూట మెషీన్ ఆపకండి. ఆ వెచ్చదనమే దాన్ని కాపాడేది.

బండను పొడి చేయడంలో తొందర వద్దు. మిషన్ కోసిన ముఖం, పాలిష్ పట్టిన ముఖం పనికిరావు. సుత్తితో పగలగొట్టి లోపలి ముక్క తీసుకోండి. అగేట్ కల్వంలో నూరండి. బయటి గ్రానైట్ రోలులో నూరితే రోలులోని క్వార్ట్జ్ కూడా మీ శాంపిల్ అవుతుంది. రేణువు పెద్దదైతే పీకుకు ఎడమ పక్క గీత జారుడు బండలా వంకర పోతుంది. అది కనబడితే ఇంకా నూరాలని అర్థం. అలాగని అరగంట దంచనూ కూడదు. కార్బొనేట్‌లోనే అరగొనైట్ అనే ఇంకో రూపం ఉంది, మితిమీరి నూరితే అది కాల్సైట్‌గా మారిపోవచ్చు. మీరు చూద్దామనుకున్న స్ఫటికాన్ని మీరే మార్చేసినట్టవుతుంది.

పెల్లెట్‌కు 200 మిల్లీగ్రాముల ఉప్పు, 1 మిల్లీగ్రాము రాయి. పిల్లలు 5, 10 వేస్తారు, ఎక్కువైతే బాగా కనబడుతుందని. అప్పుడు 1425 కొండ నెత్తి నరికినట్టు చదునుగా వస్తుంది, అది దేనికీ పనికిరాదు. 13 మిల్లీమీటర్ల డై, 8 టన్నుల ఒత్తిడి, రెండు నిమిషాలు. రిజల్యూషన్ 4, స్కాన్లు 32. నాయిస్ సగానికి తగ్గాలంటే స్కాన్లు నాలుగు రెట్లు చేయాలి, రెండు రెట్లు చాలదు.

నల్ల నాపరాయి స్పెక్ట్రమ్ వచ్చాక కాల్సైట్ మూడింటినీ గుర్తుపెట్టి, మిగతావి చదవండి. 798, 779 జంట కనబడితే క్వార్ట్జ్. 729 దగ్గర చిన్న గూడు లేస్తే డోలమైట్. 3620 నుంచి 3700 మధ్య సన్నటి పళ్లు కనబడితే కయోలిన్ మట్టి. అరగొనైట్ అయితే 712 పక్కన 700 కూడా వస్తుంది, 874 బదులు 858కి దిగుతుంది. పైగా కాల్సైట్ ఐఆర్‌లో కనబడని ఆ ఉబ్బే కంపనం అరగొనైట్‌లో 1083 దగ్గర తల ఎత్తుతుంది. స్ఫటికంలో కార్బొనేట్ కూర్చున్న చోటు వంకరైంది కాబట్టి నిషేధం సడలింది. పాత కడప జిల్లా మంగంపేట ముగ్గురాయి, అదే బెరైటీస్, తీసి చూసినా ఇదే కథ. ఒంటరి సల్ఫేట్‌కు ఐఆర్‌లో రాకూడని 983 బెరైటీస్‌లో చిన్నగా వస్తుంది. మీ ప్రాజెక్టులో సైట్ సిమెట్రీ, అంటే అణువు కూర్చున్న చోటి సౌష్ఠవం గురించి ఒక పేజీ రాయాలంటే ఈ రెండు రాళ్లు చాలు.

ఇప్పుడు నేను బోల్తా పడిన కథ. చేరిన కొత్తలో ఒక ప్రాజెక్టు పిల్ల నాపరాయి పొడికి డిఫ్యూజ్ రిఫ్లెక్టెన్స్ (పొడి మీద పడి చెదిరి వచ్చే కాంతిని పట్టే ఐఆర్ పద్ధతి) తీసింది. 2983, 2875 దగ్గర రెండు పీకులు, 1797 దగ్గర ఒకటి. "సీహెచ్, కార్బొనిల్ అక్కా, రాయి మీద నూనె ఉంది" అంది. నేనూ తలూపాను. వైవాలో పరీక్షకుడు ఒకే మాట అడిగారు. "శుభ్రమైన కాల్సైట్‌ది చూపించమ్మా." మా దగ్గర లేదు. ఆ సాయంత్రం ప్యాకెట్‌లోని కాల్షియం కార్బొనేట్ పెట్టి తీస్తే అవే పీకులు, అదే ఎత్తు. అవి కార్బొనేట్ సొంత కంపనాలు కలిసి పుట్టించే పీకులు, 2513 కూడా ఆ గుంపుదే. పెల్లెట్‌లో 1 మిల్లీగ్రాముకు నక్కి ఉంటాయి. డిఫ్యూజ్ రిఫ్లెక్టెన్స్‌లో బలహీనమైనవాటికి బలం వస్తుంది కాబట్టి నిలబడి పలకరిస్తాయి. ఆ పిల్లకు మార్కులు తగ్గాయి. నా తప్పే.

అప్పటి నుంచి నా గదిలో ఒకే నియమం. ఉపరితలం మీద ఏదో ఉందని చెప్పాలంటే, అదే రాయి, అదే పొడి, అదే రోజు, అది లేకుండా తీసిన స్పెక్ట్రమ్ పక్కన ఉండాలి. ఉపరితల అణువు పీక్‌లో ఉండదు, రెండు స్పెక్ట్రాల తేడాలో ఉంటుంది. ఎందుకో లెక్క చూడండి. వజ్రం ఏటీఆర్‌లో 1000 దగ్గర కాంతి శాంపిల్‌లోకి దాదాపు 2 మైక్రాన్లు దిగుతుంది. నూనెకు బదులు మనం పూతగా వేసే కొవ్వు ఆమ్లం స్టియరిక్ ఆమ్లం, దాని ఒక్క పొర మందం రెండున్నర నానోమీటర్లు. అంటే కాంతి చూసేదాంట్లో వెయ్యో వంతు. మీకు కావలసింది ఆ వెయ్యో వంతు.

అందుకే బండ ముక్క మీద కాకుండా పొడి మీద పని చేస్తాం, ఉపరితలం పెరుగుతుంది కాబట్టి. చేత్తో నూరితే సన్నవీ లావువీ కలిసే వస్తాయి. పొడిని నీళ్లలో కలిపి, 10 సెంటీమీటర్ల ఎత్తున బీకరులో గంటసేపు కదపకుండా ఉంచండి. 5 మైక్రాన్ల కంటే లావువి అడుగుకు చేరతాయి. పైన తేలే మబ్బు నీళ్లు వంచుకుని ఆరబెట్టండి. అమ్మ బియ్యప్పిండి తేర్చినట్టే. రేణువు సగటున 2 మైక్రాన్లు అనుకుంటే గ్రాము పొడికి ఉపరితలం సుమారు 1.1 చదరపు మీటరు. స్టియరిక్ అణువు నిలబడితే 0.2 చదరపు నానోమీటర్ల చోటు తీసుకుంటుంది. కాగితం మీద వేసి చూడండి, గ్రాముకు 2.6 మిల్లీగ్రాములు. అంతకు మించి వేస్తే మిగిలింది పొర కట్టదు, ఆమ్లం గడ్డలుగా పక్కన పడి ఉంటుంది. పోయినేడు ఒకబ్బాయి గ్రాముకు 50 వేసి, పీక్ ఎంత బాగొచ్చిందో చూడమని పిలిచాడు. బాగానే వచ్చింది, డబ్బాలోని స్టియరిక్ ఆమ్లం పీక్.

పది గ్రాముల పొడి తీసుకుని మొదట రెండు గ్రాములు పక్కన పెట్టేయండి. అది మీ ఖాళీ శాంపిల్. దానికీ అదే హెక్సేన్ (నూనెను, కొవ్వును కరిగించే ద్రవం), అదే కలుపుడు, అదే ఆరబెట్టడం జరగాలి, ఆమ్లం ఒక్కటే తగ్గాలి. మిగతా 8 గ్రాములకు 24 మిల్లీగ్రాముల స్టియరిక్ ఆమ్లాన్ని (లెక్కకు 21 చాలు, కాస్త మిగిలింది కడుగుడులో పోతుంది) హెక్సేన్‌లో కరిగించి, పొడి పోసి గంటసేపు కలపండి. వడగట్టి, కొత్త హెక్సేన్‌తో మూడుసార్లు కడగండి. హెక్సేన్ దగ్గర మంట, హీటర్ ఉండకూడదు. ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్‌లో ఫ్యాన్ తిరుగుతోందో లేదో ఒక కాగితం ముక్క పెట్టి చూసుకోండి. మాది ఒక వేసవంతా శబ్దం చేస్తూ గాలి మాత్రం లాగలేదు. ఆరాక చిటికెడు పొడి నీళ్ల మీద చల్లండి. ఖాళీది మునుగుతుంది, పూత పట్టినది తేలుతుంది. తేలకపోతే ఐఆర్ దాకా రావొద్దు, మళ్లీ మొదటికి వెళ్లండి.

పూత శాంపిల్‌కు పెల్లెట్ వేయొద్దు. నూరుడుకూ ఒత్తిడికీ పైపొర చెదిరిపోతుంది. ఏటీఆర్ మీద పెట్టి, ప్రతిసారీ అంతే బిగించండి. బ్యాక్‌గ్రౌండ్ తీసిన అయిదు నిమిషాల్లో శాంపిల్ తీయండి. మూత తెరిచి లోపలికి ఊపిరి వదిలితే 2349 దగ్గర మీ ఊపిరే కనబడుతుంది. ఏటీఆర్‌లో గట్టి పీకులు పెల్లెట్ కంటే కాస్త కిందికి జరుగుతాయి, 1425 కొండ పది ఇరవై తగ్గి వస్తుంది. అది రాయి మారడం కాదు, వక్రీభవనం ఆడే ఆట. కాబట్టి ఏటీఆర్‌ను ఏటీఆర్‌తోనే పోల్చండి. తీసివేతలో 712ను కొలబద్దగా పెట్టుకోండి. రెండింట్లో అది సమానమై తేడాలో మాయమయ్యే దాకా ఖాళీ స్పెక్ట్రమ్‌ను గుణించే అంకెను జరపండి.

తేడాలో ఏం చదవాలి? 1701 ఉంటే రాయికి అంటని ఆమ్లం ఇంకా ఉంది, కడగడం చాలలేదు. అది పోయి 1575, 1540 దగ్గర జంట లేస్తే ఆమ్లం ప్రోటాన్ వదిలేసి కాల్షియంతో కట్టుకుంది. అది కాల్షియం సబ్బు. దీని తోబుట్టువు 1430 దగ్గర ఉండాలి, కానీ కార్బొనేట్ కొండ కింద పూడిపోతుంది, దానికోసం వెతికి టైం పాడుచేసుకోకండి. 2918, 2850 జంట తోకలవి, అంటే ఆమ్లం అణువులోని పొడవాటి కార్బన్ గొలుసులవి. ఇక్కడ ఎత్తు కంటే స్థానం ముఖ్యం. సరిగ్గా 2918, 2850 అయితే తోకలు వరుసగా, బిగువుగా నిలబడ్డాయి. 2925, 2855 వైపు జరిగితే నూనెలోలాగ వదులుగా అల్లిబిల్లిగా ఉన్నాయి. తేడా ఏడే ఏడు. అందుకే పాలీస్టైరీన్ ఫిల్మ్‌తో వారానికోసారి మెషీన్ స్కేల్ సరిచూస్తా.

లోహపు రేకు మీద పూత అయితే లెక్క మారుతుంది. లోహం మీద ఉపరితలానికి నిలువుగా డైపోల్ మారే కంపనాలే కనబడతాయి, అడ్డంగా మారేవి లోహంలోని తన ప్రతిబింబంతోనే చెల్లిపోతాయి. అణువు పడుకుందో, నిలబడిందో చెప్పడానికి అది వరం. మా దగ్గర దానికి తగిన పరికరం లేదు కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నా.

రామన్ మాకు పక్క డిపార్ట్‌మెంట్‌లో వారానికి ఒక పూట దొరుకుతుంది. వెళ్లగానే సిలికాన్ ముక్క పెట్టి 520.5 చూసుకోండి. నల్ల బండను 532 నానోమీటర్ల లేజర్ కింద పెడితే ఫ్లోరెసెన్స్ (లేజర్ తగిలి రాయి తనంతట వెలిగే వెలుగు) వరదలా ముంచేస్తుంది, 785 నానోమీటర్లది మేలు. పవర్ 1 మిల్లీవాట్ దగ్గర మొదలుపెట్టండి. బండ నలుపు కార్బన్ వల్ల అయితే 1350, 1600 దగ్గర రెండు మూపురాలు వస్తాయి, పవర్ పెంచితే ఆ చోటే మాడుతుంది. రామన్ అసలు విలువ 400 కింద. మా ఐఆర్ అక్కడ గుడ్డిది. కాల్సైట్‌కు 282, 156, డోలమైట్‌కు 299, 176. కార్బొనేట్లు లోపల వంగడం కాదు, మొత్తం అణువే ఊగడం, తిరగడం అక్కడ కనబడుతుంది. తెల్లని కాల్సైట్ స్ఫటికం దొరికితే దాని ప్రధాన అక్షం వెంట లేజర్ పంపి, పోలరైజర్లను ఒకదానికొకటి అడ్డంగా తిప్పండి. 1086 పడిపోతుంది, 282 నిలుస్తుంది. పుస్తకంలో టెన్సర్ అని రాసుకున్నది కంటికి కనబడేది అప్పుడే.

తొలకరి పడ్డాక జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో రాళ్లు ఏరుకుని "అక్కా, ఇది వజ్రమా చూడు" అని మూట విప్పేవాళ్లు ఏటా ఉంటారు. రామన్‌లో అర నిమిషం పని. 1332 దగ్గర ఒంటరి గీత వస్తే వజ్రం, 464 వస్తే పలుగురాయి. ఇంతవరకు నేను చూసినవన్నీ 464లే.

చివరికి నా సొంత శాంపిల్. తాడిపత్రిలో మా జేజి కట్టించిన ఇల్లు, నడవలో నల్ల బండలు. పండక్కి ముందు శనక్కాయ నూనె గుడ్డతో బండలన్నీ తుడిచేది. బండ నూనె తాగుతుందనేది. ఇంటికి రిపేరు చేస్తుంటే పగిలిన ముక్క ఒకటి తెచ్చుకుని, పై ముఖాన్ని బ్లేడుతో గీకి పొడి తీశా. అదే ముక్క నడిమి భాగం ఖాళీ శాంపిల్. గీకిన పొడిలో 1744 పెద్దది, అది నూనె. హెక్సేన్‌తో మూడుసార్లు కడిగితే అది పోయింది. తేడా తీస్తే 1575, 1540 దగ్గర చిన్నవే గానీ స్పష్టమైన జంట మిగిలింది. నూనెలోని ఆమ్లం రాతి కాల్షియంతో కట్టుకుందని సంబరపడి అమ్మకు ఫోన్ చేశా. బండ మీద జేజి నూనె సబ్బుగా మారి ఉందని చెప్పా.

అమ్మ కాసేపు ఆగి, "ఏమే, ఇన్నేండ్లు బట్టల సబ్బేసి తోమినాము కదా ఆ బండల్ని. అది నూనెదని ఎట్ల జెప్తావు?" అంది.

మా బోరు నీళ్లలో కాల్షియానికి కొదవ లేదు. సబ్బు పడితే అదే తెల్లటి తెట్టు, అదే 1575, 1540. నా ఖాళీ శాంపిల్ తప్పు. రాతి నడిమి భాగం కాదు, సబ్బు తిని నూనె ఎరగని బండ కావాలి. పెరట్లో బట్టలు ఉతికే బండ అలాంటిది. పోయిన ఆదివారం వెళ్లి దాని అంచు నుంచి ముక్క కొట్టుకొచ్చా, అమ్మ తిడుతూనే సుత్తి ఇచ్చింది. ఇంకా నూరలేదు. హెక్సేన్ అయిపోయింది, ఇండెంట్ పెట్టాను.